పింఛన్ లెక్క: బియ్యం ధర పెరిగితే ఎవరి పింఛన్ పెరుగుతుంది? ఎవరిది పెరగదు?

గుంటూరులో ఒకే వీధిలో ముగ్గురు ఉన్నారనుకుందాం. ఒకరు రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఇంకొకరు ప్రైవేటు స్పిన్నింగ్ మిల్లులో పనిచేసి మానేసిన కార్మికుడు. మూడో ఆమె వృద్ధాప్య పింఛన్ తీసుకునే అవ్వ. ముగ్గురూ ఒకే కిరాణా కొట్లో బియ్యం, కందిపప్పు, నూనె కొంటారు. ధర పెరిగితే ముగ్గురికీ ఒకేలా పెరుగుతుంది. కానీ ఆ పెరుగుదల లెక్క చూసి పింఛన్ పెంచేది మాత్రం ఒక్క రైల్వే పెద్దాయనకే.

మిగతా ఇద్దరికీ ఎందుకు పెరగదు? ప్రభుత్వం దగ్గర ధరల లెక్క లేకనా? అదేం కాదు. లెక్క నెలనెలా వస్తుంది. కాకపోతే ఆ లెక్కకు కొన్ని పింఛన్లనే కట్టారు, మిగతావాటిని వదిలేశారు. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

ఆ లెక్క పేరేంటి?

పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ. ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో సీపీఐ-ఐడబ్ల్యూ. కేంద్ర కార్మిక శాఖ కింద పనిచేసే లేబర్ బ్యూరో దీన్ని తయారుచేస్తుంది. దేశవ్యాప్తంగా 88 పారిశ్రామిక కేంద్రాల్లోని 317 మార్కెట్ల నుంచి ధరలు సేకరిస్తారు. గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాద్, వరంగల్ కూడా ఆ కేంద్రాల్లో ఉన్నాయి. ఒక నెల సూచీని ఆ తర్వాతి నెల చివరి పనిదినాన విడుదల చేస్తారు.

ఇక్కడ ఒక చిన్న క్లారిటీ. ప్రతి నెలా మధ్యలో టీవీ స్క్రోలింగ్‌లో కనిపించే 'రిటైల్ ద్రవ్యోల్బణం' వేరు, ఇది వేరు. అది జాతీయ గణాంక కార్యాలయం ఇచ్చే సూచీ. రిజర్వ్ బ్యాంక్ వడ్డీ రేట్ల కోసం చూసేది దాన్నే. డీఏ లెక్కకు దానితో సంబంధం లేదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి 'ద్రవ్యోల్బణం తగ్గింది కదా, డీఏ ఎలా పెరిగింది' అని అడుగుతుంటారు. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, పెరిగే స్పీడు తగ్గిందని మాత్రమే. సూచీ మాత్రం పైకే వెళ్తుంటుంది. అందుకే డీఏ కూడా కొద్దికొద్దిగా కదులుతుంది.

సూచీని అర్థం చేసుకోవాలంటే ఒక బుట్టను ఊహించుకుంటే చాలు. ఒక కార్మిక కుటుంబం నెలంతా కొనే సరకులు, కట్టే అద్దె, బస్సు ఛార్జీలు, మందులు, స్కూలు ఫీజులు అన్నీ అందులో ఉంటాయి. ఆ బుట్టకు 2016లో 100 రూపాయలు అయ్యిందనుకుంటే, అదే బుట్టకు ఇప్పుడు ఎంత అవుతుందన్నదే సూచీ. 2025 జూన్‌లో సూచీ 145.0. అంటే 2016లో 100 రూపాయలకు వచ్చిన బుట్టకు 145 రూపాయలు పెట్టాల్సి వస్తోంది.

బుట్టలో దేనికి ఎంత వాటా ఇవ్వాలన్నదే పెద్ద తగాదా. 2001 ఆధార సంవత్సరంగా ఉన్న పాత సిరీస్‌లో ఆహారానికి 46.2 శాతం వాటా ఉండేది. 2020 అక్టోబర్‌లో తెచ్చిన కొత్త సిరీస్‌లో అది 39.17 శాతానికి దిగింది. ఇంటి అద్దె వాటా 15 నుంచి దాదాపు 17 శాతానికి పెరిగింది. వైద్యం, చదువు, ప్రయాణం లాంటివన్నీ ఉండే 'ఇతరాలు' 23 నుంచి 30 శాతం దాటాయి. అంటే ఉల్లిపాయల ధర డబులైతే పాత సూచీ ఎగిరినంతగా కొత్త సూచీ ఎగరదు. ఆదాయం పెరిగేకొద్దీ తిండి మీద పెట్టే వాటా తగ్గుతుంది కాబట్టి ఈ మార్పులో తప్పేమీ లేదు. కానీ నాలుగు వేల రూపాయల్తో నెల గడిపే ఇంట్లో ఖర్చు ఇలా ఉండదు. సగానికి పైగా తిండికీ, మందులకే పోతుంది.

డీఏ ఎలా వస్తుంది? 58 శాతం వెనక లెక్క ఇదీ

కేంద్ర ఉద్యోగులకు కరువు భత్యాన్ని డీఏ అంటారు, పెన్షనర్లకు ఇచ్చేదాన్ని డీఆర్ అంటారు. పేర్లు వేరైనా శాతం ఒకటే. ఏడాదికి రెండుసార్లు, జనవరి 1 నుంచి, జులై 1 నుంచి మారుతుంది. క్యాబినెట్ ప్రకటన మాత్రం రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తుంది. మధ్య నెలల డబ్బు బకాయిగా ఇస్తారు.

2025 జులై డీఏనే తీసుకుందాం. 2024 జులై నుంచి 2025 జూన్ వరకు 12 నెలల సూచీల సగటు సుమారు 143.57. దాన్ని 2.88తో గుణించాలి. కొత్త సిరీస్ అంకెను పాత 2001 సిరీస్‌లోకి మార్చే గుణకం అది. అప్పుడు 413.5 దాకా వస్తుంది. అందులోంచి 261.42 తీసేయాలి. ఈ 261.42 ఎక్కడిదంటే, ఏడో వేతన సంఘం జీతాలు 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి కదా, దానికి ముందు ఏడాది, అంటే 2015లో సూచీ సగటు అది. మిగిలిన 152ను మళ్లీ 261.42తో భాగించి శాతంలోకి మారిస్తే 58.16 వస్తుంది. చుక్క తర్వాత అంకెలు వదిలేస్తారు. డీఏ 58 శాతం. అంతే. ఇందులో ఎవరి దయా లేదు, కూడికలూ తీసివేతలే.

తీసేసిన ఆ 0.16 పోయినట్టేనా? పోదు. ప్రతిసారీ 2015 నుంచే మొత్తం మళ్లీ లెక్కేస్తారు కాబట్టి తర్వాతి విడతలో అది కూడా కలిసే వస్తుంది.

చేతికి ఎంత వస్తుందో చూద్దాం. కేంద్ర పెన్షనర్లకు కనీస పింఛన్ 9,000 రూపాయలు. దాని మీద 58 శాతం డీఆర్ అంటే 5,220. మొత్తం 14,220. ఇంకో రకంగా చెప్పాలంటే, 12 నెలల సగటు సూచీ ఒక్క పాయింట్ పెరిగితే డీఏ సుమారు 1.1 శాతం పెరుగుతుంది. 9,000 పింఛన్ ఉన్నవారికి అది నెలకు దాదాపు 99 రూపాయలు. గుంటూరు మార్కెట్లో సేకరించిన కందిపప్పు ధర కూడా ఆ ఒక్క పాయింట్‌లో ఎంతో కొంత ఉంటుంది.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లకు కూడా ఇదే సూచీ మూలం. కానీ పీఆర్సీ ఖరారు చేసిన సొంత ఫార్ములా, సొంత ఖజానా, సొంత టైమింగ్. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 'పెండింగ్ డీఏలు' అనే మాట ఎప్పుడూ వార్తల్లోనే ఉంటుంది. ఫార్ములా ప్రకారం ఎంత రావాలో అందరికీ తెలుసు. ఎప్పుడు వస్తుందన్నదే తెలియదు.

సూచీకి కట్టినా ఆగిపోయిన రోజులు ఉన్నాయి

2020 ఏప్రిల్. కరోనా లాక్‌డౌన్. కేంద్రం మూడు విడతల డీఏ, డీఆర్‌ను నిలిపేసింది. 2020 జనవరి, 2020 జులై, 2021 జనవరి విడతలు అవి. 17 శాతం దగ్గరే ఆపేశారు. 2021 జులై 1 నుంచి ఒకేసారి 28 శాతానికి పెంచారు. కానీ మధ్యలో 18 నెలల బకాయిలు ఇవ్వలేదు. దీనివల్ల 34,402 కోట్ల రూపాయలు మిగిలినట్టు ప్రభుత్వమే పార్లమెంట్‌లో చెప్పింది. ఆ బకాయిల కోసం ఉద్యోగ సంఘాలు ఆ తర్వాత కూడా అడుగుతూనే వచ్చాయి.

ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. సూచీకి కట్టడం అంటే ఉక్కు గ్యారంటీ అనుకోవద్దు. క్యాబినెట్ సంతకం లేకుండా డీఏ రాదు. కానీ ఆపినప్పుడు ఎంత ఆపారో పైసాతో సహా చెప్పొచ్చు, అడగొచ్చు. సూచీ లేని పింఛన్‌కు ఆ సౌకర్యం కూడా లేదు. ఎంత నష్టపోయారో తెలిపే కాగితం ఎక్కడా ఉండదు.

ఇక అవ్వ సంగతి: 200 రూపాయల కథ

జాతీయ సామాజిక సహాయ పథకం 1995 ఆగస్ట్ 15న మొదలైంది. అప్పుడు వృద్ధులకు కేంద్రం ఇచ్చింది నెలకు 75 రూపాయలు. 2006లో దాన్ని 200 చేశారు. 2007లో పథకానికి ఇందిరాగాంధీ పేరు పెట్టారు. 2011లో వయసు 65 నుంచి 60కి తగ్గించి, 80 ఏళ్లు దాటినవారికి 500 చేశారు. వితంతు, దివ్యాంగ పింఛన్లలో కేంద్రం వాటాను 2012లో 300కు పెంచారు. 60 నుంచి 79 ఏళ్ల వారికి మాత్రం కేంద్రం వాటా ఆ 200 దగ్గరే ఆగిపోయింది. రెండు దశాబ్దాలు కావస్తోంది.

డీఏకు వాడే అదే సూచీని దీనికి పెట్టి చూస్తే ఏమవుతుంది? 2006 ఏప్రిల్‌లో పాత సిరీస్ ప్రకారం సూచీ 120. 2025 జూన్ సూచీని అదే సిరీస్‌లోకి మారిస్తే దాదాపు 417. అంటే ధరలు దాదాపు మూడున్నర రెట్లు. 200 రూపాయలు 200 లాగానే నిలబడాలంటే 2025లో సుమారు 700 కావాలి. రివర్స్‌లో చూస్తే, 2025లో ఇచ్చిన 200 రూపాయలు 2006 లెక్కలో 57 రూపాయల చిల్లర. 75 నుంచి పెంచామని చెప్పుకున్న పింఛన్, విలువలో ఆ 75 కన్నా కిందికి జారిపోయిందన్నమాట.

ఈ సూచీ అవ్వ ఖర్చుకు సరిగ్గా సరిపోతుందా అంటే, సరిపోదు. ఫ్యాక్టరీలు, గనులు, తోటలు, రైల్వే, మోటారు రవాణా, విద్యుత్, పోర్టులు అనే ఏడు రంగాల్లో పనిచేసే కుటుంబాల ఖర్చును బట్టి కట్టిన బుట్ట ఇది. ఒంటరిగా ఉండి బీపీ, షుగర్ మందులు కొనుక్కునే వృద్ధుల బుట్ట కాదు. అయినా ధరలు ఎంత పెరిగాయో చూడ్డానికి ఒక కొలబద్దగా పనికొస్తుంది. రిటైరైన రైల్వే పెద్దాయనకు పనికొచ్చినప్పుడు అవ్వకెందుకు పనికిరాదు?

బడ్జెట్ కూడా ఇదే చెబుతుంది. దేశం మొత్తం మీద ఈ పథకానికి 2024-25లో కేంద్రం కేటాయించింది 9,652 కోట్లు. 2025-26లోనూ అంతే, 9,652 కోట్లు. దాదాపు 3 కోట్ల మంది లబ్ధిదారులకు ఇది. పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ మొత్తం పెంచాలని పలుమార్లు సిఫార్సు చేసింది.

మరి ఏపీలో 4,000 ఎలా వస్తోంది?

చాలామందికి తెలియని విషయం ఇదే. ఏపీలో వృద్ధులు తీసుకునే 4,000 రూపాయల్లో, కేంద్రం జాబితాలో ఉన్నవారికి కేంద్రం వాటా 200. మిగతా 3,800 రాష్ట్ర ఖజానా నుంచే. కేంద్రం జాబితాలో లేనివారికైతే మొత్తం రాష్ట్రమే. కేంద్రం వాటా కదలకపోయేకొద్దీ ఆ బరువు రాష్ట్రాల మీద పడుతూ వచ్చింది. సొంత డబ్బు పెట్టగలిగిన రాష్ట్రాల్లో అవ్వాతాతలకు గౌరవంగా బతికే మొత్తం వస్తోంది. పెట్టలేని రాష్ట్రాల్లో వచ్చేది చాలా తక్కువ.

ఉమ్మడి ఏపీలో 2006లో 200 ఉన్న సామాజిక పింఛన్ ఇప్పుడున్న ఏపీలో ఎలా పెరిగిందో చూడండి. 2014 అక్టోబర్‌లో 1,000. 2019 ఆరంభంలో 2,000. అదే ఏడాది ప్రభుత్వం మారాక 2,250. 2022 జనవరిలో 2,500, 2023 జనవరిలో 2,750, 2024 జనవరిలో 3,000. మళ్లీ ప్రభుత్వం మారాక 4,000. 2024 జులై 1న మూడు నెలల బకాయితో కలిపి 7,000 చేతిలో పెట్టారు. ఆ రోజు దాదాపు 65 లక్షల మందికి పంపిణీ జరిగింది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. 2014లో ఇచ్చిన 1,000ని సూచీకి కట్టేసి వదిలేసి ఉంటే 2025 మధ్యకు దాదాపు 1,650 అయ్యేది. వచ్చింది 4,000. అంటే ఏపీలో సూచీ ఇచ్చేదానికన్నా ఎన్నికలు ఎక్కువే ఇచ్చాయి. సూచీ ఉన్న విలువను కాపాడుతుంది, అంతకుమించి పెంచదు. తక్కువ మొత్తాన్ని సూచీకి కడితే తక్కువగానే ఉండిపోతుంది.

మరి సమస్య ఎక్కడ? పై తేదీలను మళ్లీ చూస్తే అర్థమవుతుంది. పెద్ద పెంపులన్నీ ఎన్నికలకు అటో ఇటో వచ్చినవే. మధ్యలో ఎంత కరిగినా అడిగే ఫార్ములా లేదు.

తెలంగాణలో ఆ కరుగుదల ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2014 నవంబర్‌లో ఆసరా పింఛన్ 1,000తో మొదలైంది. 2019 జూన్ నుంచి 2,016, దివ్యాంగులకు 3,016 చేశారు. దివ్యాంగుల పింఛన్‌ను 2023 జులైలో 4,016కు పెంచారు. 2023 చివర్లో జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ చేయూత కింద 4,000 ఇస్తామని హామీ ఇచ్చింది. హామీల సంగతి పక్కనపెట్టి సూచీ ఏం చెబుతుందో చూద్దాం. 2019 జూన్‌లో పాత సిరీస్‌లో సూచీ 316. 2025 జూన్‌కు దాదాపు 417. ఈ ఆరేళ్లలో ధరలు 32 శాతం పెరిగాయి. 2,016 రూపాయల విలువ నిలబడాలంటే 2025 మధ్యకు సుమారు 2,660 కావాలి. అంటే నెలకు 640 రూపాయలకు పైగా తేడా. ఈ డబ్బు ఎవరూ కోత పెట్టలేదు, జీవో కూడా రాలేదు. ధరలే తినేశాయి.

మిల్లు కార్మికుడి పింఛన్: ఒక్కసారి రాస్తే అంతే

ప్రైవేటు ఉద్యోగుల ఈపీఎస్-95 పథకం 1995 నవంబర్ 16న మొదలైంది. ఫార్ములా చాలా సింపుల్. పింఛన్‌కు లెక్కేసే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 1995 చివర్లో లెక్క మొదలై 2010 చివర్లో రిటైరైన కార్మికుడికి అప్పటి గరిష్ఠ జీతం 6,500 మీద 15 ఏళ్ల సర్వీసుకు వచ్చేది 1,393 రూపాయలు. 2010లోనూ అంతే, 2025లోనూ అంతే. సూచీకి కట్టి ఉంటే సుమారు 3,200 అయ్యేది.

2014 సెప్టెంబర్ 1 నుంచి కనీస పింఛన్ 1,000 చేశారు. అదే రోజు నుంచి జీతం పరిమితిని 6,500 నుంచి 15,000 చేశారు. పదేళ్లు దాటాక కూడా ఆ వెయ్యి వెయ్యిగానే ఉంది. సూచీ ప్రకారం 2025 మధ్యకు అది 1,650 కావాలి. పెన్షనర్ల సంఘాలు అడుగుతున్నది కనీసం 7,500, దానిపైన డీఏ. ఇందులో 7,500 అంకె మీదే వార్తలన్నీ వస్తాయి కానీ, దూరం ఆలోచిస్తే 'దానిపైన డీఏ' అన్న చిన్న ముక్కే పెద్దది. అది లేకపోతే 7,500 ఇచ్చినా పదేళ్ల తర్వాత ఇదే ధర్నా మళ్లీ చేయాల్సి వస్తుంది.

దీనికి ప్రభుత్వాలు చెప్పే కారణం కూడా వినాలి. ఈపీఎస్ అనేది యజమాని, కేంద్రం వేసే వాటాలతో నడిచే ఒక ఫండ్. యజమాని వాటాలోంచి 8.33 శాతం, కేంద్రం నుంచి 1.16 శాతం అందులోకి వెళ్తాయి. కేంద్ర ఉద్యోగుల పింఛన్ లాగా ఖజానా నుంచి వచ్చేది కాదు. సూచీకి కడితే ఫండ్ ఆగదని వాదన. ఆ వాదనలో లెక్క ఉంది. అలాగని తక్కువ పడే డబ్బు ఎవరు వేయాలన్న ప్రశ్న ఎప్పటికీ వాయిదా పడుతూ ఉంటే, అది కరిగేది మాత్రం పెన్షనర్ జేబులోనే.

18 ఏళ్ల కుర్రాడికి 60 ఏళ్లకు 5,000

అటల్ పెన్షన్ యోజన 2015లో వచ్చింది. 18 ఏళ్లకు చేరి నెలకు 210 రూపాయలు కడితే 60 ఏళ్లు నిండాక నెలకు 5,000 గ్యారంటీ. బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు చాలామంది దీనికి కూడా సంతకం పెట్టేస్తారు. 42 ఏళ్ల తర్వాత ఆ 5,000 ఎంత? రిజర్వ్ బ్యాంక్ లక్ష్యంగా పెట్టుకున్న 4 శాతం ద్రవ్యోల్బణమే ఏటా ఉందనుకుందాం. అప్పుడు కూడా ఆ 5,000తో కొనగలిగేది చేరిన రోజున సుమారు 960 రూపాయలతో వచ్చేంత. అసంఘటిత కార్మికుల కోసం 2019లో తెచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ కూడా ఇలాంటిదే. 60 ఏళ్లు దాటాక నెలకు 3,000, అంతే. చేరొద్దని కాదు. చేరేటప్పుడు ఆ అంకె ఇప్పటి 5,000 కాదని తెలిసి చేరాలి.

ప్రభుత్వ ఉద్యోగుల్లో కూడా ఇదే గీత ఉంది. 2004 తర్వాత చేరిన కేంద్ర ఉద్యోగులకు వచ్చిన ఎన్‌పీఎస్‌లో పింఛన్ మార్కెట్ మీద, యాన్యుటీ మీద ఆధారపడుతుంది. డీఆర్ లేదు. పాత పింఛన్ కావాలని ఉద్యోగులు రోడ్డెక్కడానికి ఇదీ ఒక ప్రధాన కారణం. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం తెచ్చిన యూపీఎస్‌లో మళ్లీ సూచీ ఆధారంగా డీఆర్ పెట్టారు. 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం, 10 ఏళ్లు ఉంటే కనీసం 10,000 అనే వాగ్దానానికి ఆ సూచీ తోడైంది.

ఉపాధి కూలీకి వేరే సూచీ

పల్లెల్లో ఉపాధి హామీ కూలి కూడా సూచీకి కట్టినదే. కాకపోతే ఇది వ్యవసాయ కార్మికుల ధరల సూచీ. దాని ప్రకారం ఏటా ఏప్రిల్ 1న రేటు మార్చేవారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో 2024-25లో 300 ఉన్న కూలి 2025-26లో 307 అయ్యింది. ఏడు రూపాయలు. ఒక టీ డబ్బులు కూడా పెరగలేదని కూలీలు అన్నా ఆశ్చర్యం లేదు.

ఎందుకంత తక్కువ? ఆ సూచీ బుట్ట 1983 నాటి కుటుంబ ఖర్చు సర్వే మీద కట్టింది. అందులో తిండి వాటానే దాదాపు 69 శాతం. సెల్‌ఫోన్ రీచార్జి, ప్రైవేటు స్కూలు వ్యాన్ ఫీజు, స్కానింగ్ సెంటర్ బిల్లు ఆ రోజుల్లో ఎక్కడున్నాయి? కూరగాయల ధర ఒక ఏడాది కాస్త తగ్గితే చాలు, మిగతావి ఎంత పెరిగినా సూచీ పెద్దగా కదలదు, కూలీ కదలదు. 2025 జులైలో లేబర్ బ్యూరో ఈ సూచీకి 2019 ఆధారంగా కొత్త సిరీస్ విడుదల చేసింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత బుట్ట మారింది. అంటే సూచీకి కట్టడం ఒక్కటే కాదు, ఏ సూచీకి కట్టారు, ఆ బుట్టను ఎప్పుడు సర్దారన్నది కూడా కూలి రేటును తేలుస్తుంది.

కదలని పరిమితులు

పింఛన్ మొత్తం ఒక్కటే కాదు, అర్హత పరిమితులు కూడా ఇలాగే గడ్డకట్టి ఉంటాయి. ఈఎస్ఐ జీతం పరిమితి 2017 జనవరి నుంచి 21,000. జీతం ధరలతోపాటు కొద్దిగా పెరిగి 21,000 దాటితే చాలు, కార్మికుడు ఈఎస్ఐ ఆస్పత్రికి దూరమవుతాడు. నిజానికి అతను ధనవంతుడు కాలేదు, పాత కొనుగోలు శక్తి దగ్గరే ఉన్నాడు. ఏపీలో సామాజిక పింఛన్‌కు పెట్టిన కుటుంబ ఆదాయ పరిమితి గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000. ఇలాంటి అంకెలు ఏళ్ల తరబడి అలాగే ఉంటే, ఏ ఏరివేత లేకుండానే ఏటా కొంతమంది జాబితా నుంచి బయటికి జారుతుంటారు.

అమెరికా, బ్రిటన్‌లో ఎలా?

అమెరికాలో ఉద్యోగాలు చేసి రిటైరవుతున్న తెలుగువాళ్లకు సోషల్ సెక్యూరిటీ పెంపు తెలిసిందే. 1975 నుంచి అక్కడ ఇది ఆటోమేటిక్. జులై, ఆగస్ట్, సెప్టెంబర్ నెలల సూచీ సగటును ముందటి సగటుతో పోల్చి శాతం తేలుస్తారు. ధరలు మండిన 2022 తర్వాత 2023కి 8.7 శాతం పెరిగింది. 2025కి 2.5, 2026కి 2.8 శాతం. అక్కడా గొడవ బుట్ట దగ్గరే. వాడేది ఉద్యోగుల సూచీ. వృద్ధుల ఖర్చును కొలిచే సూచీ ఒకటి ప్రయోగాత్మకంగా వస్తున్నా, పెంపుకు మాత్రం దాన్ని వాడటం లేదు.

బ్రిటన్‌లో 'ట్రిపుల్ లాక్'. ధరల పెరుగుదల, జీతాల పెరుగుదల, 2.5 శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత పెంచుతారు. వినడానికి అదిరిపోయింది కదా. కానీ మన వాళ్లకు ఇక్కడే మెలిక. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, పింఛన్ తీసుకుంటూ హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చి స్థిరపడితే ఆ పెంపు వర్తించదు. ఏటా పెంపు ఇవ్వని దేశాల జాబితాలో భారత్ ఉంది. వచ్చిన రోజు ఎన్ని పౌండ్లో, ఇక్కడ ఉన్నన్నాళ్లూ అన్నే.

ఎనిమిదో వేతన సంఘం వస్తే ఏం మారుతుంది?

కొత్త వేతన సంఘం సిఫార్సులు అమల్లోకి వచ్చినప్పుడు అప్పటిదాకా పేరుకున్న డీఏ బేసిక్‌లో కలిసిపోతుంది. డీఏ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2016లో అలాగే జరిగింది. అప్పటికి 125 శాతం ఉన్న డీఏను కలుపుకొనే 2.57 గుణకం వచ్చింది. అంటే చాలామంది చూసి సంబరపడిన 2.57లో 2.25 పాత డబ్బే. ఈసారి ఫిట్‌మెంట్ అంకె వినగానే ముందు అందులో డీఏ ఎంతో తీసేసి చూడటం మంచిది.

జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ ఛైర్‌పర్సన్‌గా ఎనిమిదో వేతన సంఘం పరిశీలనాంశాలకు క్యాబినెట్ 2025 అక్టోబర్ 28న ఆమోదం తెలిపింది. నివేదికకు 18 నెలల గడువు. డీఏ అంచనాల కోసం చూసేవారికి ఏటా రెండు తేదీలు ముఖ్యం. జనవరి చివరి పనిదినాన వచ్చే డిసెంబర్ సూచీతో జనవరి డీఏ లెక్క తేలిపోతుంది. జులై చివర్లో వచ్చే జూన్ సూచీతో జులై డీఏ తేలుతుంది. క్యాబినెట్ ప్రకటన దాకా ఆగక్కర్లేదు, కాలిక్యులేటర్ ఉంటే చాలు. ఈపీఎస్‌లో మిల్లు కార్మికుడికి గానీ, 200 రూపాయల కేంద్ర వాటాలో ఉన్న అవ్వకు గానీ ఎదురుచూడటానికి అలాంటి తేదీ ఏదీ క్యాలెండర్‌లో లేదు.